స్క్రూ తిప్పే ముందు: చిన్న ఇంజన్ల కార్బరేటర్‌ మీద వాదాల సమీక్ష

జహీరాబాద్ నుంచి 65వ నంబరు జాతీయ రహదారి మీద కర్ణాటక వైపు వెళ్తుంటే సరిహద్దుకు దగ్గరలో చిరాగ్‌పల్లి వస్తుంది. చెరకు, అల్లం, ఆలుగడ్డ, పత్తి, కంది పండే ప్రాంతం ఇది. ఇక్కడ చిన్న పెట్రోలు ఇంజను అవసరం పడని సాగు తక్కువ. మందు కొట్టడానికి తైవాన్ పంపు, గట్ల మీద గడ్డికి కట్టర్, సాళ్ల మధ్య కలుపుకు పవర్ వీడర్, తుమ్మలకూ మామిడి కొమ్మలకూ చెట్లు కోసే మిషన్ (చైన్‌సా) కావాలి. వీటిలో ఏది మొరాయించినా అనుమానం ముందుగా కార్బరేటర్ మీదికే పోతుంది. వెంటనే సలహాలూ మొదలవుతాయి. స్క్రూ పావు చుట్టు విప్పమని ఒకరంటే బిగించమని ఇంకొకరంటారు. కంపెనీ సెట్టింగు ముట్టుకోవద్దని మూడో మాట. తప్పంతా ఇథనాల్ కలిపిన పెట్రోలుదేనని నాలుగో మాట.

నాలుగింటిలోనూ కొంత నిజం ఉంది, చిక్కంతా అక్కడే వచ్చింది. ఒక రకం యంత్రానికి సరిపోయే మాటను ఇంకో రకానికి చెప్పడం వల్ల ఏటా ఎన్నో పిస్టన్లు గీతలు పడి పాడవుతున్నాయి. అందుకే ఈ వాదాలు ఎక్కడ పుట్టాయో, ఏ వాదం ఎంతవరకు నిలుస్తుందో, ఇంకా తేలనిదేమిటో ఒకచోట పెట్టి చూడాల్సి ఉంది.

ఒకే పేరు, మూడు పరికరాలు

కార్బరేటర్ పని గాలిలో పెట్రోలును తగిన పాళ్లలో కలపడం. ఇరుకైన గొంతులోంచి గాలి వేగంగా పోతే అక్కడ ఒత్తిడి పడిపోతుంది. ఆ లోటు పెట్రోలును జెట్టు అనే సన్నని రంధ్రంలోంచి పైకి లాగుతుంది. జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్, హంగేరీలో బాంకీ, చోంకా 1893 ప్రాంతంలో ఈ పద్ధతిని రూపొందించారు. సూత్రం ఇప్పటికీ అదే. మారింది పెట్రోలును ఆ రంధ్రం దాకా చేర్చే తీరు.

పాత తీరు ఫ్లోట్‌ది. చిన్న గిన్నెలో పెట్రోలు నిలిచి ఉంటుంది, తేలే బిళ్ల దాని మట్టాన్ని కాపాడుతుంది. మోటారు సైకిళ్లు, నీటి పంపుసెట్లు, పవర్ వీడర్లు, తైవాన్ పంపుల్లో చాలా రకాలు ఈ కుటుంబానివే. కానీ చెట్టు కోసేవాడు మిషన్‌ను పక్కకు వంచుతాడు, తలకిందులుగానూ పట్టుకుంటాడు. గిన్నెలో పెట్రోలు అప్పుడు మట్టంగా ఉండదు. 1950ల్లో చైన్‌సాలకు డయాఫ్రమ్ కార్బరేటర్ వచ్చి ఈ ఇబ్బంది తీర్చింది. అందులో గిన్నె ఉండదు. క్రాంక్‌కేసులో పుట్టే ఒత్తిడి హెచ్చుతగ్గులు ఒక పొరను ఆడించి ట్యాంకు నుంచి పెట్రోలు లాగుతాయి, రెండో పొర సూది కవాటాన్ని తెరుస్తూ మూస్తూ లెక్క చూస్తుంది. 1959లో వచ్చిన స్టిల్ కాంట్రా వంటి మిషన్లతో ఒక్క మనిషి ఎటు వంచైనా కోయడం మామూలైంది. టిల్లట్‌సన్, వాల్‌బ్రో, జామా ఈ రకంలో పేరున్న తయారీదారులు. బజారులో దొరికే చవక కార్బరేటర్లు ఎక్కువగా వీటి నకళ్లే.

మూడో కుటుంబం గడ్డి కట్టర్లలో కనిపించే రోటరీ రకం. అదీ డయాఫ్రమ్‌తోనే నడుస్తుంది గానీ, పెద్ద వేగానికి వేరే స్క్రూ చాలావాటిలో ఉండదు.

మన దగ్గర గందరగోళానికి పెద్ద కారణం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. ఈ యంత్రాలు బాగుచేసే వారిలో చాలామంది మోటారు సైకిల్ పనిలో చెయ్యి తిరిగినవారు. యమహా ఆర్‌ఎక్స్ 100 వంటి బండి మీద ఉన్నది గాలి స్క్రూ. దాన్ని బిగిస్తే గాలి తగ్గి మిశ్రమం చిక్కనవుతుంది. చైన్‌సా మీద ఎల్ (తక్కువ వేగం), హెచ్ (ఎక్కువ వేగం) అని గుర్తులున్నవి పెట్రోలు స్క్రూలు. వాటిని బిగిస్తే పెట్రోలు తగ్గి మిశ్రమం పలుచనవుతుంది. రెండూ చూపుకు ఒకేలా ఉంటాయి, తిప్పిన ఫలితం మాత్రం పూర్తిగా తిరగబడుతుంది. బండి మీద నేర్చిన చెయ్యి అలవాటుగా చైన్‌సా స్క్రూ బిగిస్తే ఇంజను కాసేపు హుషారుగానే అరుస్తుంది. టూస్ట్రోక్‌లో ఆయిల్ వచ్చేది పెట్రోలుతోనే కాబట్టి పెట్రోలు తగ్గితే ఆయిల్ కూడా తగ్గుతుంది. వేడెక్కిన పిస్టన్ సైలెన్సర్ వైపు గీతలు పడి పట్టేస్తుంది. "విప్పాలా, బిగించాలా" అన్న వాదం నూటికి తొంభై పాళ్లు అది ఏ రకం స్క్రూ అని అడగకపోవడం వల్లే నడుస్తోంది.

చెవి, మీటరు

రెండో వాదం ఎలా సెట్ చేయాలన్నది. పాత మెకానిక్కులది చెవి మార్గం. ముందు ఎయిర్ ఫిల్టర్ శుభ్రం చేసి, ఇంజను బాగా వేడెక్కనిస్తారు. ఎల్ స్క్రూతో స్లో రేస్ (యాక్సిలరేటర్ వదిలినప్పటి ఇంజను వేగం) ఎక్కడ అన్నిటికన్నా పెరుగుతుందో పట్టుకుని, అక్కణ్ణుంచి కొంచెం విప్పుతారు. స్లో స్క్రూతో గొలుసు తిరగడం ఆగే దాకా రేస్ తగ్గిస్తారు. తర్వాత పూర్తి రేస్‌లో హెచ్ స్క్రూ విప్పుతారు. శబ్దం గరగరమని విరుగుతుంది, మిశ్రమం చిక్కనైన గుర్తు అది. కట్టె మీద పెట్టగానే ఆ గరగర పోయి శబ్దం శుభ్రం కావాలి, కట్టె నుంచి తీయగానే మళ్లీ రావాలి. హెచ్ స్క్రూకు సరైన చోటు అదే.

ఇంజను వేగాన్ని మీటరుతో కొలవాలనేవారు దీన్ని తప్పనరు, చాలదంటారు. చైన్‌సాలకు కంపెనీలు స్లో రేస్ సాధారణంగా నిమిషానికి 2,700-2,900 చుట్ల మధ్య చెబుతాయి. కట్టె తగలకుండా పూర్తి రేస్ యంత్రాన్ని బట్టి 12,500 నుంచి 14,000 వరకు ఉంటుంది. 13,000కూ 14,500కూ తేడా చెవికి దొరకడం కష్టం, పిస్టన్‌కు మాత్రం అది ప్రాణాంతకం. ప్లగ్గు వైరు చుట్టూ తీగ చుట్టి చూసే చిన్న మీటర్లు ఇప్పుడు మామూలు మెకానిక్కు కొనగల ధరలోనే ఉన్నాయి.

ఈ తగవులో ఒక సాంకేతిక మార్పు మీటరు వైపు మొగ్గు తెచ్చింది. కొత్త చైన్‌సాల కాయిళ్లలో చాలావాటికి రేస్ పరిమితి ఉంటుంది. ఆ పరిమితి తగలగానే కాయిల్ మధ్యమధ్య నిప్పురవ్వ ఆపేస్తుంది, శబ్దం గరగరమంటుంది. చెవికి అది చిక్కని మిశ్రమంలాగే వినిపిస్తుంది. "ఇంకా పెట్రోలు ఎక్కువుంది" అనుకుని హెచ్ స్క్రూ మరింత బిగిస్తే ఇంజను చేతులారా కాల్చుకున్నట్టే. పాత మిషన్ల మీద చెవిని నమ్మవచ్చు. పరిమితి ఉన్న కాయిల్ మీద చెవి ఒక్కదాన్నే నమ్మకూడదు. కట్టెలో పెట్టి చూసే పరీక్ష మాత్రం రెండింటికీ అవసరమే, ఎందుకంటే బరువు పడినప్పుడు ఇంజను ఏమంటుందో మీటరు పూర్తిగా చెప్పదు.

ముట్టవద్దనేవారు, మార్చెయ్యమనేవారు

స్క్రూలకు ప్లాస్టిక్ టోపీలు వేసి ఎక్కువ తిరగకుండా కట్టడి చేయడం అమెరికా పొగ నిబంధనలతో మొదలైంది. కాలిఫోర్నియా 1995లో, అమెరికా కేంద్ర ప్రభుత్వం 1997లో చిన్న ఇంజన్లకు పరిమితులు పెట్టాయి. ప్రపంచ బజారుకు తయారయ్యే యంత్రాలు ఆ టోపీలతోనే మన దాకా వచ్చాయి. ముట్టవద్దనేవారి వాదంలో బలం ఉంది. కొత్త మిషన్ సెట్టింగు దానంతట అది పెద్దగా మారదు. నిన్నటిదాకా బాగా నడిచిన మిషన్ ఈరోజు పలుచనైందంటే మారింది స్క్రూ కాదు, ఇంకేదో. ఆ ఇంకేదో వెతక్కుండా స్క్రూతో సర్దితే అసలు జబ్బు దాగిపోతుంది.

అయితే ఫ్యాక్టరీ సెట్టింగు ఏ ఊరికోసం చేసిందన్న ప్రశ్న మిగులుతుంది. జహీరాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. అక్కడ గాలి ఒత్తిడి సముద్రతీరం కన్నా సుమారు 7 శాతం తక్కువ. గాలి పలుచనైతే మిశ్రమం చిక్కనవుతుంది. ఈ ప్రాంతపు చలి, ఎండ రెండూ గట్టివే. పక్కనున్న కోహీర్ తెలంగాణలో అతి తక్కువ ఉష్ణోగ్రతలు నమోదయ్యే చోట్లలో ఒకటి. 6 డిగ్రీల డిసెంబరు ఉదయానికీ 42 డిగ్రీల మే మధ్యాహ్నానికీ మధ్య గాలి సాంద్రత సుమారు 12 శాతం మారుతుంది. కార్బరేటర్‌లో దాని ప్రభావం అందులో దాదాపు సగం. అంటే మే నెలలో అంచుకు బిగించి సెట్ చేసిన మిషన్ డిసెంబరు చలిలో 6 శాతం దాకా పలుచనవుతుంది. ఎండాకాలంలో సెట్ చేసేవారు కొంచెం చిక్కగానే వదలాలన్న పాత అలవాటు వెనుక ఈ భౌతికశాస్త్రం ఉంది. దాన్ని మూఢనమ్మకంగా కొట్టిపారేయకూడదు.

కార్బరేటర్‌నే మార్చెయ్యమనేవారిది డబ్బు లెక్క. నకలు కార్బరేటర్ ధరకూ, విప్పి శుభ్రం చేసే కూలికీ తేడా తగ్గిపోయింది. ఫ్లోట్ రకానికి ఈ వాదం కొంతవరకు ఒప్పుకోవచ్చు. డయాఫ్రమ్ రకంలో ఒప్పుకోలేం. నకళ్లలో సూది కవాటం కింద లివరు ఎత్తు, స్ప్రింగు బిగువు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. పెట్టిన వెంటనే నడిచినా మళ్లీ సెట్ చేయక తప్పదు. అసలు కార్బరేటర్‌లో చాలాసార్లు పాడయ్యేది రెండు పొరలు, ఒక సూది, ఒక సన్నని జాలి. ఆ కిట్టు వేసి పాతదాన్నే నిలబెట్టుకోవడం మేలు.

పెట్రోలు మీద నింద

ఇప్పుడు అన్నిటికన్నా వేడిగా సాగుతున్న వాదం ఇదే. చెరకు పండించే ప్రాంతంలో దీనికి ఇంకో కోణం కూడా ఉంది, ఎందుకంటే ఇథనాల్‌కు ముడిసరుకుల్లో చెరకు ఒకటి. దేశంలో 2003లో 9 రాష్ట్రాల్లో 5 శాతం కలపడంతో పథకం మొదలైంది, వాటిలో అప్పటి ఆంధ్రప్రదేశ్, కర్ణాటక రెండూ ఉన్నాయి. 2022 జూన్‌లో 10 శాతం మైలురాయి దాటింది. 20 శాతం కలిపిన పెట్రోలు అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలై, 2025 నాటికి దేశమంతటా మామూలు పెట్రోలు అయిపోయింది. కాబట్టి సరిహద్దుకు అవతలి బంకు పెట్రోలు మంచిదా, ఇవతలిది మంచిదా అన్న చర్చకు ఇథనాల్ విషయంలో అర్థం లేదు, పథకం రెండు వైపులా ఒకటే.

ఇథనాల్ చేసే పనులు మూడు. వీటిని కలగలిపి మాట్లాడటం వల్లే వాదం తెగడం లేదు.

మొదటిది పాళ్ల లెక్క. స్వచ్ఛమైన పెట్రోలు పూర్తిగా మండడానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. 20 శాతం కలిపితే లెక్క సుమారు 13.5కు దిగుతుంది. జెట్టు రంధ్రం మాత్రం పాతదే. అంటే అదే కార్బరేటర్ దాదాపు 8 శాతం పలుచగా నడుస్తుంది. కారు సెన్సరు సాయంతో దానంతట అదే సర్దుకుంటుంది. చైన్‌సాలో సర్దాల్సింది మనిషే, హెచ్ స్క్రూ లేని యంత్రంలో సర్దే దారే లేదు. ఇక్కడి ఎత్తు, ఎండ మిశ్రమాన్ని చిక్కన చేస్తాయని చెప్పుకున్నాం. కదలని జెట్టున్న యంత్రానికి వేసవిలో ఆ చిక్కదనం, ఇథనాల్ తెచ్చే పలుచదనం ఒకదాన్నొకటి చాలావరకు కొట్టేస్తాయి. చలికాలంలో ఆ రక్షణ తగ్గిపోతుంది. "ఎండాకాలం బాగానే ఉంది, చలికి ఆగిపోతోంది" అన్న ఫిర్యాదు వస్తే చోక్ కన్నా ముందు ఈ లెక్క గుర్తుకు రావాలి.

రెండోది నీరు. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. వానాకాలంలో మూత వదులైన డబ్బాలో నెలల తరబడి నిల్వ ఉన్న పెట్రోలులో నీరు పరిమితి దాటితే ఇథనాల్, నీరు కలిసి అడుగుకు చేరతాయి. ఆయిల్ పైన పెట్రోలుతోనే ఉండిపోతుంది. ట్యాంకులో పెట్రోలు తీసే గొట్టం ఉండేది అడుగునే, కాబట్టి ఇంజనుకు ఆయిల్ దాదాపు లేని ద్రవం అందుతుంది. టూస్ట్రోక్‌కు ఇంతకన్నా పెద్ద ప్రమాదం లేదు.

మూడోది రబ్బరు, లోహం. పాత రకం పొరలు, గొట్టాలు ఉబ్బుతాయి లేదా గట్టిపడతాయి. అల్యూమినియం, జింకు భాగాలకు తెల్లటి పొడి పడుతుంది. స్టిల్, హస్క్‌వర్నా, హోండా వంటి తయారీదారులు చిన్న ఇంజన్లలో చాలావాటికి 10 శాతం దాకానే ఇథనాల్‌ను అనుమతిస్తూ పుస్తకాల్లో రాశాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2010-11లో కార్లకు 15 శాతం అనుమతించినప్పుడు కూడా చైన్‌సాలు, గడ్డి యంత్రాలకు దాన్ని నిషేధించింది. మన దేశంలో నీతి ఆయోగ్ 2021 నివేదిక 20 శాతం మిశ్రమం గురించి మైలేజీ లెక్కలు ఇచ్చింది గానీ అవి కార్లవి, ద్విచక్ర వాహనాలవి. తైవాన్ పంపు ఆ చర్చలోకే రాలేదు.

అలాగని ప్రతి జబ్బునూ ఇథనాల్‌కు అంటగట్టడం కూడా తప్పే. వాడిన తర్వాత నాలుగు నెలలు ట్యాంకులో పెట్రోలు వదిలేస్తే ఇథనాల్ లేని రోజుల్లోనూ జెట్లు బంకపట్టి మూసుకుపోయేవి. కొత్త పెట్రోలు ఆ అజాగ్రత్తకు శిక్షను త్వరగా వేస్తోంది, అంతే.

ఆయిల్ పాళ్లు

ఇందులో పెద్ద వివాదం ఉండకూడదు గానీ ఉంది. 25కు 1 అంటే లీటరుకు 40 మిల్లీలీటర్లు, 50కి 1 అంటే 20. ఏది వాడాలన్నది యంత్రం పుస్తకం, ఆయిల్ డబ్బా కలిసి చెబుతాయి. "ఆయిల్ ఎక్కువ పోస్తే మిశ్రమం చిక్కనై ఇంజను భద్రం" అన్న నమ్మకం సగమే నిజం. జెట్టులోంచి వచ్చే ద్రవంలో ఆయిల్ వాటా పెరిగితే పెట్రోలు వాటా తగ్గుతుంది, గాలితో లెక్క చూస్తే మిశ్రమం కొంచెం పలుచనే అవుతుంది. ఆయిల్ పాళ్లు మార్చినవారు స్క్రూ సెట్టింగును కూడా మళ్లీ చూసుకోవాలి.

లక్షణం చెప్పే మాట

పై వాదాలన్నిటికీ ఉమ్మడి ఆధారం జబ్బు లక్షణాలే. అవి సరిగ్గా చదివితే చాలా తగవులకు అవసరం రాదు.

పది నిమిషాలు నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత విప్పగానే మళ్లీ స్టార్ట్ అయితే తప్పు కార్బరేటర్‌ది కాదు. ట్యాంకులోకి గాలి వెళ్లే దారి మూసుకుపోయింది. చోక్ వేస్తేనే నడిచి, తీయగానే చస్తే పెట్రోలు సరిపోవడం లేదు. ట్యాంకులోని ఫిల్టరు, కార్బరేటర్‌లోని సన్నని జాలి, స్లో జెట్టు వరుసగా చూడాలి. పంపుసెట్టు, వీడరు వంటి, వేగాన్ని నిలకడగా ఉంచే గవర్నరున్న ఇంజను రేస్ పెరుగుతూ తగ్గుతూ ఊగుతుంటే చాలాసార్లు స్లో జెట్టు మూసుకుపోయి ఉంటుంది, గవర్నరు స్ప్రింగు లాగి సర్దితే జబ్బు తీరదు. ప్లగ్గు తడిసి నల్లబడి ఓవర్ అవుతుంటే ముందు ఎయిర్ ఫిల్టరు చూడాలి. జహీరాబాద్ ఎర్రమట్టి దుమ్ములో అది ఒక్క రోజులో నిండగలదు. ఆ తర్వాత సూది కవాటం.

అన్నిటికన్నా ప్రమాదకరమైన లక్షణం వేరే ఉంది. వేడెక్కాక స్లో రేస్ దానంతట అదే పెరగడం, యాక్సిలరేటర్ వదిలినా రేస్ వెంటనే దిగకపోవడం. క్రాంకు సీళ్ల దగ్గరో, కార్బరేటర్‌కూ సిలిండర్‌కూ మధ్య రబ్బరు దగ్గరో గాలి పీలుస్తోందని దాని అర్థం. ఈ స్థితిలో స్క్రూ విప్పి రేస్ సర్దితే రెండు రోజులు నడుస్తుంది, మూడో రోజు పట్టేస్తుంది. ముట్టవద్దనేవారి వాదం పూర్తిగా గెలిచేది ఇక్కడే.

వాదాలను పక్కపక్కన పెడితే ఇలా తేలుతుంది. చెవి మార్గం అనుభవజ్ఞుడి చేతిలో, పాత కాయిల్ మీద నమ్మదగింది. కొత్త కాయిల్ మీదా, నేర్చుకునేవాడి చేతిలోనూ మీటరు తప్పనిసరి. ముట్టవద్దన్న మాట జబ్బు కనుక్కునే దశలో సరైనది. పెట్రోలు మారినప్పుడు, జబ్బేమీ లేదని తేలాక, అదే మాటను పట్టుకుని వేలాడితే ఇంజనుకు నష్టం. మార్చెయ్యమన్నది ఆఖరి దారి.

తేలనివి

మొదటిది, 20 శాతం ఇథనాల్‌తో పాత తైవాన్ పంపులు, కట్టర్లు ఎంతకాలం నిలుస్తాయన్నది. బండ్ల మీద చర్చ పార్లమెంటు దాకా వెళ్లింది, వ్యవసాయ పరికరాల మీద రైతుకు అందే సమాధానం కనిపించదు. రెండోది, ఈ విద్య ఎవరి దగ్గర మిగులుతుందన్నది. 2020 ఏప్రిల్‌లో భారత్ స్టేజ్ 6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త ద్విచక్ర వాహనాలు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. బండ్ల మీద కార్బరేటర్ నేర్చుకునే అవకాశం కుర్రవాళ్లకు పోతోంది, పొలాల్లో కార్బరేటర్లు మాత్రం ఉండిపోయాయి. స్టిల్ ఎం-ట్రానిక్, హస్క్‌వర్నా ఆటోట్యూన్ వంటి వాటంతట అవే సర్దుకునే పరికరాలున్నాయి గానీ, అవి మన చిన్న రైతు కొనే ధరలోకి రాలేదు. బ్యాటరీ పంపులు మందు కొట్టే పనిలో వాటా తీసుకుంటున్నాయి, లావు చెట్టు కోసే పనిలో ఇంకా పెట్రోలుదే పైచేయి.

2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ పథకం కింద పవర్ స్ప్రేయర్లు, కట్టర్లు సబ్సిడీ మీద రైతులకు చేరుతున్నాయి. వాటితో పాటు ఒక పేజీ కూడా చేరాలి. అందులో ఆ ఇంజను ఎంత శాతం ఇథనాల్ తట్టుకుంటుంది, ఆయిల్ ఎంత కలపాలి, స్క్రూ ఏ వైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, స్లో రేస్ ఎంత ఉండాలి అన్నవి తెలుగులో ఉండాలి. సబ్సిడీ ఇచ్చే వ్యవసాయ శాఖ ఈ షరతు పెట్టగలదు, అమ్మే కంపెనీలకు అది భారమేమీ కాదు. అది వచ్చేలోగా రైతు తన చేతిలో ఉన్న పని చేసుకోవాలి. పని సీజన్ అయిపోగానే ట్యాంకు ఖాళీ చేసి, మిగిలిన పెట్రోలు అయిపోయే దాకా ఇంజను నడిపి ఆపిన తర్వాతే మిషన్ మూల పెట్టండి.